టైపింగ్ నేర్పాలా, మానాలా? ఆఫీసు చదువుల పాఠ్యప్రణాళికలో అసలు చిక్కు

ఒక సమావేశాన్ని ఊహించుకోండి. అందరూ లేచి కుర్చీలు సర్దేలోపే మినిట్స్ తయారైపోయాయి. మాటలన్నీ రికార్డు చేసి, ఎవరు ఏమన్నారో రాసి, చివర నిర్ణయాల జాబితా కూడా పెట్టింది సాఫ్ట్‌వేర్. అచ్చుతప్పు ఒక్కటీ లేదు. నాలుగో అంశం దగ్గర మాత్రం "కొత్త సరఫరాదారుతో ఒప్పందం: అధ్యక్షులు ఆమోదించారు" అని ఉంది. ఆ అంశం మీద అధ్యక్షులు నిజానికి అన్నది రెండే మాటలు: "సరే, చూద్దాం."

తెలుగు తెలిసిన ఎవరికైనా ఆ రెండు మాటల బరువు తెలుసు. అన్న మనిషిని బట్టి, స్వరాన్ని బట్టి అది "తర్వాత మాట్లాడుకుందాం" కావచ్చు, "ఇక ఈ సంగతి వదిలేయండి" కావచ్చు. ఆమోదం కావడం అరుదు. ఆ మినిట్స్ ఉన్నవి ఉన్నట్టే అందరికీ వెళ్తే మర్నాడు సరఫరాదారు చేతికి ఆర్డరు కూడా వెళ్తుంది.

దీన్ని పట్టుకోవడం ఆఫీసు సహాయకుల పని. మరి దాన్ని ఏ తరగతిలో నేర్పుతున్నారు? టైపింగ్ పాఠంలో లేదు, షార్ట్‌హ్యాండ్ (మాట్లాడే వేగంతో రాసుకునే సంక్షిప్త లిపి) పాఠంలో లేదు, కంప్యూటర్ పాఠంలో అసలే లేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఉత్తరాలు రాసిపెట్టే, సారాంశాలు తీసిపెట్టే సాధనాలు ప్రతి బల్ల మీదికీ చేరాయి. సెక్రటేరియల్ కోర్సులు నడిపేవారికి పాత ప్రశ్న మళ్లీ ఎదురైంది: ఏది తీసేయాలి, ఏది ఉంచాలి, ఏది చేర్చాలి? వినడానికి తేలికగా ఉన్న ఈ ప్రశ్న ఎందుకు తెగదో చూద్దాం.

సిలబస్ వేరు, పాఠ్యప్రణాళిక వేరు

ఈ రెండింటినీ ఒకటిగా వాడేస్తుంటాం. చర్చలో సగం గందరగోళం అక్కడే పుడుతుంది. సిలబస్ అంటే పాఠ్యాంశాల జాబితా. పాఠ్యప్రణాళిక దానికన్నా పెద్దది. కోర్సు పూర్తయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలి, దానికి ఏ పాఠాలు, ఏ వరుసలో, ఎన్ని గంటలు, ఏ పరికరాల మీద, ఎవరు చెప్పాలి, వచ్చిందో రాలేదో ఎలా తేల్చాలి అన్నవన్నీ కలిస్తేనే పాఠ్యప్రణాళిక.

కాబట్టి "టైప్‌రైటర్ తీసేసి కంప్యూటర్ పెట్టాం, పాఠ్యప్రణాళికను మార్చాం" అంటే అది నిజం కాకపోవచ్చు. గదిలో యంత్రం మారింది. గంటలు, పరీక్ష, ఉపాధ్యాయుడు, లక్ష్యం అన్నీ పాతవే అయితే ఖరీదైన టైప్‌రైటర్ మీద పాత చదువే నడుస్తున్నట్టు.

ఇంకొక మాట: ఆఫీసు పని. ఉత్తరాలు, ఫైళ్లు, రిజిస్టర్లు, అపాయింట్‌మెంట్లు, ప్రయాణ ఏర్పాట్లు, మినిట్స్ కళ్లకు కనిపించే భాగం. ఎవరి ఫోను వెంటనే కలపాలి, ఏ కాగితం ఎవరి కంట పడకూడదు అన్నది కనిపించని భాగం. సెక్రటరీ అన్న మాటకు మూలం లాటిన్‌లో రహస్యం అనే అర్థమున్న పదం. రహస్యాలు కాపాడే మనిషి అన్న అర్థంతో పుట్టిన ఉద్యోగం టైప్ కొట్టే మనిషిగా చిక్కిపోవడానికి ఒక చరిత్ర ఉంది.

యంత్రం ముందు, పాఠం వెనక

ఐజాక్ పిట్‌మన్ 1837లో తన సంక్షిప్త లిపిని ప్రచురించారు. 1888లో జాన్ రాబర్ట్ గ్రెగ్ మరో పద్ధతి తెచ్చారు. ఈలోగా, 1870ల్లో, రెమింగ్టన్ సంస్థ షోల్స్, గ్లిడెన్‌ల టైప్‌రైటర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. 1881లో న్యూయార్క్‌లోని వైడబ్ల్యూసీఏ అనే మహిళా సంస్థ మహిళలకు టైపింగ్ తరగతులు మొదలుపెట్టింది. షార్ట్‌హ్యాండ్, టైపింగ్ అనే జంట అలా కుదిరి, ఆఫీసు చదువంటే అదే అన్నంతగా పాతుకుపోయింది.

చూడకుండా టైప్ చేయడానికి పేరు తెచ్చింది ఒక పోటీ. 1888 జులైలో సిన్సినాటీలో కోర్టు స్టెనోగ్రాఫర్ ఫ్రాంక్ మెక్‌గురిన్ కీబోర్డు వైపు కన్నెత్తకుండా టైప్ చేసి, చూసి కొట్టే ప్రత్యర్థిని ఓడించారు. నిమిషానికి ఎన్ని మాటలు అన్న కొలత ఆ తరువాత పరీక్షల్లో సింహాసనం ఎక్కింది. ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

ఆ తరువాత యంత్రాల రాక మరీ వేగం పుంజుకుంది. 1964లో ఐబీఎం అయస్కాంత టేపు మీద అక్షరాలు దాచుకునే టైప్‌రైటర్ తెచ్చింది. తప్పు పడితే పేజీ అంతా మళ్లీ కొట్టే బాధ అక్కడ తగ్గింది. 1978లో పత్రాలు రాసే సాఫ్ట్‌వేర్ వర్డ్‌స్టార్, 1979లో లెక్కల పట్టికల సాఫ్ట్‌వేర్ విసికాల్క్, 1981లో ఐబీఎం పీసీ వచ్చాయి.

ఇక్కడ ఒక పిట్టకథ చెప్పాలనిపిస్తోంది. 1950ల్లో అమెరికాలోని టెక్సాస్‌లో బెట్టె నెస్మిత్ గ్రాహమ్ అనే బ్యాంకు సెక్రటరీ ఉండేవారు. కొత్తగా వచ్చిన ఎలక్ట్రిక్ టైప్‌రైటర్లలోని కార్బన్ రిబ్బన్ వల్ల తప్పును రబ్బరుతో చెరిపితే కాగితం మసకబారేది. బొమ్మలు వేసేవారు తప్పును చెరపరు, పైన రంగు పూస్తారు కదా అన్న ఆలోచనతో ఆమె తెల్లరంగు సీసా ఒకటి బల్ల మీద పెట్టుకున్నారు. అదే తరువాత లిక్విడ్ పేపర్ అయింది. 1979లో ఆ సంస్థను జిల్లెట్ 4.75 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. పని తగ్గించడానికి వచ్చిన యంత్రం తనతో పాటు కొత్త పని తెచ్చింది. దానికి మందు కనిపెట్టింది యంత్రం పక్కన కూర్చున్న మనిషి. అలా కనిపెట్టమని ఆమెకు ఏ పాఠమూ చెప్పి ఉండదు.

ఎనిమిదేళ్ల పాత పాఠం: ఒక చిన్న లెక్క

"పాఠ్యప్రణాళికను ఎప్పటికప్పుడు సవరిస్తే చాలదా?" అని అడగవచ్చు. కాగితం మీద లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, పద్ధతి మాత్రం చాలా చోట్ల ఇదే.

మొదటి ఏడాది ఆరంభంలో కమిటీ కూర్చుని, ఆఫీసుల్లో వాడుతున్న సాఫ్ట్‌వేర్ చూసి వచ్చింది. ముసాయిదా, అభిప్రాయాలు, ఆమోదం, పుస్తకాలు, ఉపాధ్యాయుల శిక్షణ కలిపి రెండేళ్లు. కొత్త పాఠ్యప్రణాళిక ఐదేళ్లు అమల్లో ఉంటుంది. కోర్సు రెండేళ్లది. ఆ ఐదేళ్లలో చివరి బ్యాచ్ చేరేది కమిటీ చూసి వచ్చిన ఆరేళ్లకు. వాళ్లు పట్టా పుచ్చుకునేది ఎనిమిదేళ్లకు. అంటే ఆ విద్యార్థి ఉద్యోగంలో చేరిన రోజున అతని చేతిలో ఉన్నది ఎనిమిదేళ్ల నాటి ఆఫీసు.

ఎనిమిదేళ్లలో ఏం మారుతుందంటారా? ఆఫీస్ 2007 వచ్చినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. అప్పటిదాకా వర్డ్‌లో ఫైల్, ఎడిట్, వ్యూ అంటూ పైనుంచి కిందికి జారే మెనూలు ఉండేవి. వాటి స్థానంలో రిబ్బన్ అనే అడ్డపట్టీ వచ్చింది. "ఫలానా మెనూ, అందులో మూడో వరుస, దాంట్లో రెండోది" అని కంఠస్థం చేసినవారికి దారి పోయింది. శీర్షిక, పేరా, పేజీ అంచు అంటే ఏమిటో అర్థం చేసుకుని నేర్చుకున్నవారు కాసేపు వెతుక్కుని పనిలో పడ్డారు. ఒకే సాఫ్ట్‌వేర్, రెండు రకాల చదువు. మార్పు దెబ్బ ఒకరికే గట్టిగా తగిలింది.

యంత్రానికి ఏ పని లొంగుతుంది

2003లో ఆర్థికవేత్తలు డేవిడ్ ఆటర్, ఫ్రాంక్ లెవీ, రిచర్డ్ మర్నేన్ ఒక వ్యాసంలో పనులను విడగొట్టి చూపించారు. నియమాలుగా రాయగలిగిన పనిని కంప్యూటర్ తీసుకుంటుంది, నియమాలుగా రాయలేని పనిలో మనిషికి తోడు నిలుస్తుంది అన్నది వారి వాదన సారాంశం. ఉద్యోగం పోతుందా ఉంటుందా అని అడగడం కన్నా అందులోని ఏ పని పోతుంది అని అడగడం నయమని దీనివల్ల అందరికీ తట్టింది. పాఠ్యప్రణాళిక రాసేవారికి ఇది చాలా కాలం పాటు మంచి గీటురాయి. ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో (వచ్చిన ఉత్తరాలు నమోదు చేసే పుస్తకంలో) నంబరు వేయడం యంత్రానికి, కోపంగా వచ్చిన ఉత్తరానికి జవాబు రాయడం మనిషికి.

కృత్రిమ మేధ ఆ గీతను చెరిపింది. కోపంగా వచ్చిన ఉత్తరానికి అది కూడా జవాబు రాస్తుంది, పైగా మర్యాదగా. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023 ఆగస్టులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, రాసిపెట్టే కృత్రిమ మేధ ప్రభావం అన్నిటికన్నా ఎక్కువ పడేది గుమాస్తా తరహా ఉద్యోగాల మీదే. ఆ ఉద్యోగాల్లోని పనుల్లో 24 శాతం మీద ప్రభావం చాలా ఎక్కువని, మరో 58 శాతం మీద మధ్యస్థమని అది అంచనా వేసింది. ఈ ఉద్యోగాల్లో మహిళలే ఎక్కువ కాబట్టి భారం వారి మీదే ఎక్కువ పడుతుందని కూడా చెప్పింది. మొత్తం మీద చూస్తే ఉద్యోగాలు తుడిచిపెట్టుకుపోవడం కన్నా పని తీరు మారడమే ఎక్కువగా జరగవచ్చన్నది అదే అధ్యయనంలోని మాట. ఈ చివరి వాక్యాన్ని వదిలేసి మొదటి అంకెలనే పట్టుకుని ఊగేవారు చాలామంది ఉన్నారు. "ప్రభావం పడుతుంది" అంటే "పోతుంది" అని కాదు. ఉత్తరం ముసాయిదా యంత్రం రాస్తే, దాన్ని చదివి సంతకానికి పంపే బాధ్యత ఎవరో ఒకరి మీద ఉంటుంది.

చేతిపనా, చదువా: వందేళ్ల నాటి తగవు

ఇక్కడి నుంచి దారులు చీలుతాయి. కోర్సు పూర్తికాగానే కుర్రవాడు కూర్చుని పని మొదలుపెట్టాలి, ఆఫీసులో ఏది వాడతారో అదే నేర్పండి అంటారు ఒక పక్షం. సాఫ్ట్‌వేర్లు వస్తాయి పోతాయి, భాషా ఆలోచనా నేర్పండి, మిగతావి వాళ్లే నేర్చుకుంటారు అంటారు రెండో పక్షం.

ఈ తగవు కొత్తది కాదు. 1915లో అమెరికాలో విద్యావేత్తలు డేవిడ్ స్నెడెన్, జాన్ డ్యూయీ పత్రికా ముఖంగా దీని మీదే వాదించుకున్నారు. వృత్తి విద్య పరిశ్రమకు కావలసిన పనివారిని సమర్థంగా తయారు చేయాలని స్నెడెన్ పక్షం. ఉన్న వ్యవస్థకు మనుషులను అతికించే శిక్షణ తనకు వద్దని, మారుతున్న పనిని అర్థం చేసుకుని దాన్ని మార్చగలిగే తెలివి కావాలని డ్యూయీ పక్షం.

డ్యూయీ మాట వినసొంపుగా ఉంటుంది కనుక మొగ్గు అటే చూపడం తేలిక. కానీ స్నెడెన్ పక్షంలోనూ బలముంది. మొదటి ఉద్యోగం దొరకకపోతే జీవితకాల అభ్యాసం గురించి చెప్పి లాభం లేదు. అప్పు చేసి కోర్సులో చేరిన అమ్మాయికి ఇంటర్వ్యూలో ఎక్సెల్ షీటు ముందు పెడతారు, ఆలోచనా శక్తిని ఎవరూ అడగరు. పైగా "సాధనం ముఖ్యం కాదు, సూత్రం ముఖ్యం" అనేవారు ఒకటి మరిచిపోతారు: ఏదో ఒక సాధనం మీద చేయి తిరగకుండా సూత్రం పట్టుబడదు. ఈత సూత్రాలు గట్టు మీద రావు.

అందుకే సాధనం నేర్పాలి, పాఠాన్ని మాత్రం సాధనం పేరుతో రాయకూడదు అన్నది నా అభిప్రాయం. తేడా చిన్నదిగా కనిపిస్తుంది. ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒకే పాఠం, రెండు రాతలు

పాత రాత: "విద్యార్థి వర్డ్‌లో మెయిల్ మర్జ్ (ఒకే ఉత్తరంలో జాబితాలోని పేర్లు, వివరాలు నింపే సదుపాయం) ఉపయోగించగలగాలి."

కొత్త రాత: "ఒకే విషయాన్ని చాలామందికి, ఎవరి పేరూ వివరాలతో వారికి, ఉన్న సాధనంతో పంపగలగాలి. ఒకరి వివరాలు మరొకరికి వెళ్లలేదని పంపేముందే చూపగలగాలి."

రెండు రాతలకూ ప్రయోగశాలలో చేసే పని దాదాపు ఒకటే. పరీక్షలో మాత్రం తేడా బయటపడుతుంది. 200 మంది ఉద్యోగులకు జీతం పెంపు ఉత్తరాలు పంపాలి. పేర్లు ఒక నిలువు వరుసలో, కొత్త జీతాలు పక్క వరుసలో ఉన్నాయి. పేర్లను అక్షరక్రమంలో పెట్టబోయి ఎవరో పేర్ల వరుసను మాత్రమే క్రమంలో పెట్టారు. జీతాల వరుస కదలలేదు. చూడటానికి షీటు శుభ్రంగా ఉంది. 200 ఉత్తరాలూ చక్కగా తయారయ్యాయి. దాదాపు ప్రతి కవరులోనూ మరొకరి జీతం ఉంది.

పాత రాత ప్రకారం ఈ విద్యార్థి ఉత్తీర్ణుడు, మెయిల్ మర్జ్ పనిచేసింది కదా. కొత్త రాత ప్రకారం తప్పాడు. మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు నాలుగు ఉత్తరాలు తీసి మూల జాబితాతో పోల్చి ఉంటే దొరికేది. ఆ పోల్చి చూసే అలవాటు వర్డ్‌ది కాదు, ఎక్సెల్‌ది కాదు. కార్బన్ కాపీల కాలంలోనూ ఉంది, రేపు ఉత్తరాలను కృత్రిమ మేధ పంపినా ఉంటుంది.

ఇలా విడదీస్తే పాఠ్యప్రణాళికలో రెండు వేగాలు కనిపిస్తాయి. సరిచూడటం, గోప్యత, భాష, ఫైలు ఎక్కడ పెడితే మరొకరికి దొరుకుతుందో తెలియడం నెమ్మదిగా మారే భాగం. సాఫ్ట్‌వేర్ పేర్లు, మెట్లు, బొమ్మలు త్వరగా మారే భాగం. మొదటిది ఐదేళ్లకోసారి కమిటీ చూసుకోవచ్చు. రెండోదాన్ని ఆమోదం కోసం పైకి పంపకుండా ఏటా ఉపాధ్యాయులే మార్చుకునే అనుబంధంలో పెడితే పైన వేసిన ఎనిమిదేళ్ల లెక్క చాలావరకు కరిగిపోతుంది. ఇందులో ఒక అపాయం ఉంది. అనుబంధాన్ని మార్చే ఓపిక, శిక్షణ ఉపాధ్యాయులకు లేకపోతే ఆ పేజీలు పదేళ్లయినా కదలవు, అడిగేవారూ ఉండరు.

మరి టైపింగ్ సంగతి?

టైపింగ్ పరీక్షల్లో ఐదు నొక్కులను ఒక మాటగా లెక్కిస్తారు. ఐదు నిమిషాల్లో 1,000 నొక్కులంటే 200 మాటలు, నిమిషానికి 40. పది తప్పులున్నాయనుకుని తప్పుకొక మాట తీసేస్తే 190, అంటే నిమిషానికి 38.

ఇప్పుడు 300 మాటల ఉత్తరం తీసుకోండి. మొత్తం తానే టైప్ చేయాల్సినప్పుడు నిమిషానికి 40 వేగం ఉన్నవారికి ఏడున్నర నిమిషాలు, 60 ఉన్నవారికి ఐదు నిమిషాలు. రోజుకు ఇరవై ఉత్తరాలైతే తేడా 50 నిమిషాలు. ఆ కాలంలో వేగానికి జీతం ఇవ్వడం న్యాయమే. ఇప్పుడు ముసాయిదా యంత్రం రాసింది, మనిషి చదివి 40 మాటలు మార్చాలి. ఒకరికి నిమిషం, మరొకరికి 40 సెకన్లు. ఉత్తరానికి తేడా 20 సెకన్లు, ఇరవై ఉత్తరాలకు ఏడు నిమిషాల లోపు. చదివి తప్పు పట్టడానికి పట్టే సమయం ముందు అది చిన్నది.

అయితే టైపింగ్‌ను తీసేయమని ఈ లెక్క చెప్పదు. కళ్లు కీబోర్డు మీద ఉన్నంతసేపూ తెర మీద ఏముందో చూడలేం. చూడకుండా టైప్ చేయడం వచ్చినవారి దృష్టి వాక్యం మీద ఉంటుంది. ప్రత్యక్ష ప్రసారాలకు సబ్‌టైటిల్స్, కోర్టు రికార్డులు రాసేవారికి వేగమే అన్నం పెడుతుంది. తగ్గించాల్సింది ఆ పైమెట్టు వేగం కోసం అందరి చేతా చేయించే గంటలను. మిగిలిన గంటలు ఎడిటింగ్‌కు పోవాలి. ఈ మాట అంటే టైపింగ్ బోధకులు నొచ్చుకుంటారు, వారి ఉద్యోగాలూ ఆ గంటల మీదే ఉన్నాయి. పాఠ్యప్రణాళిక కమిటీల్లో పైకి చెప్పకపోయినా లోలోపల నడిచే అసలు చర్చ అదే.

ఎవరిని అడిగి రాయాలి

పాఠ్యప్రణాళిక రూపొందించడానికి డేకమ్ అనే పద్ధతి ఉంది. 1960ల చివర్లో కెనడాలో పుట్టింది. పని బాగా తెలిసిన ఐదు నుంచి పన్నెండు మందిని రెండు రోజులు ఒక గదిలో కూర్చోబెట్టి, తాము చేసే ప్రతి పనినీ చెప్పమంటారు. గోడ మీద చీట్లు అంటించి పట్టిక చేస్తారు. పని గురించి అది చేసేవారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదన్నది దీని పునాది. ప్రొఫెసర్లు గదిలో కూర్చుని ఊహించిన దానికన్నా ఎంతో మేలు.

లోపాలు లేకపోలేదు. వారు చెప్పేది నేటి పని, రేపటిది కాదు. చాలాకాలంగా చేస్తున్నవారికి తాము చేస్తున్నది పనేనని తోచదు. "ఫోనులో గొంతు వినగానే ఎంత అవసరమో తెలిసిపోతుంది" అన్న మాట చీటీ మీదికి ఎక్కదు. అందుకని పట్టికతో పాటు, వెనక్కి తిరిగొచ్చిన పనిని కూడా చూడాలంటాను. అధికారి ఎర్ర సిరాతో గీసి పంపిన ముసాయిదాలు, క్షమాపణ చెప్పాల్సి వచ్చిన ఈమెయిళ్లు, రెండుసార్లు బుక్ అయిన గదులు. పని గురించి అవి చెప్పేంత నిజం ఏ ప్రశ్నావళీ చెప్పదు.

పరీక్ష మారకపోతే

ప్రణాళికలో ఎంత గొప్పగా రాసినా, తరగతిలో నడిచేది పరీక్షలో అడిగేదే. టైపింగ్ వేగం ఇన్నాళ్లు నిలబడడానికి ఒక మంచి కారణం కూడా ఉంది. గడియారం పెట్టి కొలవవచ్చు, ఎవరు కొలిచినా ఒకే అంకె వస్తుంది, సిఫారసుకు చోటు లేదు. వివేకాన్ని అలా కొలవలేం. అందుకని కొలవగలిగినదే నేర్పడం మొదలవుతుంది.

కొలవడం కష్టమే కానీ అసాధ్యం కాదు. మొదట్లో చూసిన సమావేశాన్నే ప్రశ్నపత్రంగా మార్చవచ్చు. విద్యార్థికి ఎజెండా, పది నిమిషాల రికార్డింగు, సాఫ్ట్‌వేర్ తయారు చేసిన మినిట్స్ ఇస్తారు. అందులో ఒక పేరు తప్పు, ఒక తేదీ తప్పు, రికార్డుకెక్కకూడని సొంత విషయం ఒకటి, నాలుగో అంశం దగ్గర "ఆమోదించారు". 40 నిమిషాల్లో సరిచేసి పంపదగిన ప్రతి ఇవ్వాలి. ఒప్పుగా ఉన్నదాన్ని తప్పుగా మారిస్తే మార్కు పోతుంది.

పేరు, తేదీ, సొంత విషయం దగ్గర ఇద్దరు పరీక్షకులకూ ఒకే మార్కు వస్తుంది. గొడవంతా నాలుగో అంశం దగ్గరే. "నిర్ణయం వాయిదా" అని రాసినవారికి ఒకరు పూర్తి మార్కులు వేస్తారు, ఇంకొకరు వేయరు, వాయిదా అని అధ్యక్షులు ఎక్కడ అన్నారని అడుగుతారు. మూడో రకం విద్యార్థి ఆ చోట ఖాళీ గీత ఉంచి, పక్కన "అధ్యక్షులను అడిగి పూర్తి చేయాలి" అని రాస్తుంది. పరీక్షల అలవాటు ప్రకారం అది పూర్తికాని జవాబు. ఆఫీసులో ఎవరూ తప్పుపట్టని జవాబు అదొక్కటే. కాబట్టి మూల్యాంకన పత్రంలో ముందే రాసి ఉంచాలి. అడిగి నిర్ధారించుకోవాలని గుర్తించినందుకు నాలుగు మార్కులు. "వాయిదా" అని రాసి, అది తన ఊహేనని చెప్పినందుకు రెండు. "ఆమోదించారు" అని ఉంచేసినందుకు సున్నా, అడగకుండా "తిరస్కరించారు" అని మార్చినందుకూ సున్నా.